సోలార్ పెట్టాక బిల్లు పెరిగిన ఇల్లు: వేడినీళ్ళ లైన్ మీద ఒక కేస్ స్టడీ

హనుమకొండలో ఒక ఉమ్మడి కుటుంబం ఇంట్లో చేసిన పని ఇది. ఇంటివాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, కాలనీ, సామాను ఏ కంపెనీదో అన్నీ తీసేశాను. అంకెలు సుమారుగా ఇస్తున్నాను. వేడినీళ్ళ ఖర్చు అనగానే మనవాళ్ళ చూపు గీజర్ మీదకో, సోలార్ మీదకో పోతుంది. వేడెక్కిన నీళ్ళు వాడకముందే ఎక్కడ చల్లారుతున్నాయో చూసేవాళ్ళు తక్కువ. ఈ ఇంట్లో డబ్బంతా అక్కడే పోయింది.

నేపథ్యం

కింద అమ్మానాన్నలు, ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు. మొదటి అంతస్తులో పెద్దకొడుకు కుటుంబం, ఆ పైన చిన్నకొడుకు కుటుంబం. మొత్తం పది మంది, ఆరు బాత్రూములు, ఒకటే త్రీ ఫేజ్ మీటరు. అంతకుముందు ప్రతి బాత్రూములో ఒక గీజర్ ఉండేది. ఎవరికి అవసరమైనప్పుడు వాళ్ళు వేసుకుని, స్నానం కాగానే ఆపేసేవాళ్ళు.

పెద్దకొడుకు చాలా ఏళ్ళు ఇంగ్లండులో ఉండి వచ్చాడు. అక్కడ చాలా ఇళ్ళలో ఒక బాయిలర్ ఉంటుంది. చలికాలంలో గదులు వెచ్చబెట్టేదీ అదే, నల్లాలకు వేడినీళ్ళు ఇచ్చేదీ అదే. అలాంటి వసతి ఇక్కడా కావాలనుకున్నాడు. టైల్స్ మార్పించినప్పుడే గీజర్లన్నీ తీయించి, డాబా మీద 300 లీటర్ల సోలార్ హీటర్ పెట్టించాడు. ఎండ లేని రోజుల కోసం ట్యాంకులో కరెంటుతో నీళ్ళు కాచే మూడు కిలోవాట్ల కాయిల్ ఉంది. అక్కడి నుంచి ఒక అంగుళం సీపీవీసీ పైపు, అంటే వేడినీళ్ళకు తట్టుకునే ప్లాస్టిక్ పైపు, అన్ని బాత్రూములకూ దిగుతుంది. చివరి బాత్రూము దగ్గర నుంచి ముప్పావు అంగుళం పైపు మళ్ళీ పైకి ట్యాంకుకు వెళ్తుంది. ఆ రిటర్న్ లైన్ మీద ఒక చిన్న పంపు. ఆ పంపు తిరుగుతున్నంతసేపూ వేడినీళ్ళు ఇల్లంతా చుట్టి వస్తుంటాయి, కాబట్టి ఏ నల్లా తిప్పినా వెంటనే వేడినీళ్ళే. పెద్ద హోటళ్ళలో ఉండే పద్ధతే ఇది. ఈ ఇంట్లో పని కూడా శుభ్రంగా చేశారు, ఎక్కడా లీకు లేదు.

సమస్య

గీజర్లు ఉన్న చివరి జనవరిలో ఇంటికి 620 యూనిట్ల దాకా వచ్చాయి. సోలార్ వచ్చిన తర్వాతి జనవరిలో 1,050. అప్పటి టారిఫ్‌లో ఇళ్ళకు 400 యూనిట్లు దాటాక యూనిట్‌కు 9.50, 800 దాటాక 10 రూపాయలు. కరెంటు చార్జీ ఒక్కటే 4,800 నుంచి తొమ్మిది వేల దగ్గరకు పోయింది. నేను వెళ్ళగానే పెద్దాయన బిల్లు చేతికిచ్చి, "ఎండతోని నీళ్ళు కాగుతయన్నరు గద సారూ, మరి ఈ బిల్లేంది?" అని అడిగాడు.

నేను వెళ్ళేసరికే వాళ్ళు చాలా చేసి చూశారు. మీటరు పరుగెడుతోందేమోనని పరీక్ష చేయించారు. మీటరు సరిగ్గానే ఉంది. ఎలక్ట్రీషియన్ కాయిల్ థర్మోస్టాట్ (నీళ్ళు పెట్టిన వేడికి రాగానే కాయిల్‌ను ఆపేది) మార్చాడు, తేడా రాలేదు. బోరు నీళ్ళకు సున్నం పేరుకుందని కాయిల్ తీసి శుభ్రం చేశారు. నీళ్ళలో మునిగి ఉండే కాయిల్‌కు సున్నం పడితే కాయిల్ త్వరగా కాలిపోతుంది కానీ, బిల్లు పెద్దగా పెరగదు. అది ఇచ్చే వేడి ఎలాగూ నీళ్ళలోకే పోవాలి. సోలార్ అమ్మినవాళ్ళు ఎండకు నీళ్ళు కాగే గాజు గొట్టాలు కడిగి, పది మందికి 300 లీటర్లు చాలదు, 500 పెట్టుకోండన్నారు.

చివరికి అదే ఎలక్ట్రీషియన్ పంపుకు టైమర్ పెట్టి, పొద్దున నాలుగు గంటలు మాత్రమే తిరిగేలా చేశాడు. ఆలోచన మంచిదే. కానీ పంపు ఆగి ఉన్న వేళల్లో నల్లా తిప్పితే ఎంతసేపటికీ గోరువెచ్చని నీళ్ళే వచ్చాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఆమె వేడినీళ్ళు లేకుండా స్నానం చేయలేదు. పెద్దకొడుకు టైమర్ తీసేసి పంపును మళ్ళీ ఇరవై నాలుగు గంటలకు పెట్టేశాడు. నన్ను పిలిచే నాటికి ఇంట్లో అందరి అభిప్రాయం ఒకటే: పంపు లేకపోతే ఈ సిస్టమ్ పనిచేయదు.

లెక్కతో మొదలు

ఏ మిషన్‌నూ విప్పకముందు నేను ఇంటి అవసరం లెక్క వేస్తాను. వంద లీటర్ల నీళ్ళను 30 డిగ్రీలు వేడి చేయడానికి మూడున్నర యూనిట్లు కావాలి. ఇది ఏ కంపెనీ గీజర్‌కైనా మారని లెక్క. మన దగ్గర జనవరి పొద్దున టంకీ నీళ్ళు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. ఒక బకెట్ స్నానానికి 40 డిగ్రీల నీళ్ళు 25 లీటర్లు అనుకుంటే అర యూనిట్ కొద్దిగా దాటుతుంది. పది మందికి, కాస్త వంటింటి వాడకంతో కలిపి, రోజుకు ఆరు యూనిట్లు. గీజర్లు ఉన్న రోజుల్లో జనవరి బిల్లులో వేడినీళ్ళ వాటా దాదాపు అంతే.

300 లీటర్ల సోలార్ ఎండ బాగా ఉన్న రోజున ట్యాంకు నీళ్ళను 30 డిగ్రీలు పెంచినా పది యూనిట్ల వేడి ఇచ్చినట్టు. అవసరం ఆరు, వచ్చేది పది. మన జనవరిలో ఎండకు కొదవ లేదు. అంటే ఎండ ఉన్న రోజు కాయిల్ అసలు వెలగకూడదు. కానీ బిల్లు ప్రకారం కాయిల్ రోజుకు పద్దెనిమిది, పందొమ్మిది యూనిట్లు తింటోంది. పది మంది వాడకంతో ఇంత తేడా రాదు. ఎవరూ వాడని వేడి ఎక్కడికో పోతోంది. 500 లీటర్ల ట్యాంకు పెట్టించుకుని ఉంటే ఆ పోయే వేడికి ఇంకొంత సరఫరా పెరిగేది, అంతే. అందుకే ట్యాంకు మార్చొద్దని మొదటి రోజే చెప్పాను.

వేడి పోవడానికి మూడు దారులున్నాయి: ట్యాంకు, లీకు, పైపు. ఏదన్నది తేల్చడానికి ఒక రాత్రి పరీక్ష పెట్టాం. పదిన్నర తర్వాత ఎవరూ నల్లా ముట్టుకోవద్దు. ఫ్రిజ్‌లతో సహా మిగతా ఎంసీబీలన్నీ కాసేపు కింద పెట్టాం. వేడినీళ్ళ సిస్టమ్ ఒక్కటే నడుస్తోంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక ఎర్ర లైటు మిణుకుమంటుంది. ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతుందో దాని పక్కనే రాసి ఉంటుంది, ఈ ఇంటి మీటరుకు 1600. కాయిల్ వెలిగితే ఆ లైటు సెకనుకు ఒకసారికి మించి టకటకా కొడుతుంది. కాయిల్ ఆగి పంపు మాత్రమే ఉంటే దాదాపు నిమిషానికి ఒకసారి. గడియారం పెట్టుకుని చూస్తే, ఎవరూ చుక్క నీళ్ళు వాడని అర్ధరాత్రి కాయిల్ గంటకు ఇరవై నిమిషాలు వెలుగుతోంది. మూడు కిలోవాట్ల కాయిల్ ఇరవై నిమిషాలంటే ఒక యూనిట్. గంట గంటకూ ఒక యూనిట్.

తర్వాత పంపు ఆపాం. కాయిల్ ఆ తర్వాత చాలాసేపు వెలగనే లేదు. ట్యాంకు బాగానే ఉంది, లీకు లేదు. పోతున్నదంతా పైపులోనే.

పంపు మీద ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. అది నలభై వాట్లది, రోజంతా తిరిగినా ఒక్క యూనిట్. ఎలక్ట్రీషియన్ దాని ఆంపియర్లు కొలిచి వదిలేశాడు. కానీ అది తిప్పుతున్న నీళ్ళు 55, 60 డిగ్రీలవి. పోయేదీ వచ్చేదీ కలిపి పైపు యాభై మీటర్లు, ఎక్కడా ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే తొడుగు, లేదు. అంత వేడినీళ్ళున్న పైపు చలి రాత్రి మీటరుకు ఇరవై వాట్లకు పైగా వదులుతుంది. యాభై మీటర్లకు కిలోవాట్. మీటరు చూపించింది కూడా అదే. ఆ రాత్రి మొదటి అంతస్తులో గెస్ట్ బాత్రూము గోడ మీద పెద్దాయన చేత చెయ్యి పెట్టించాను. టైల్స్ వెచ్చగా ఉన్నాయి. ఆ బాత్రూము దసరాకు చుట్టాలు వచ్చిపోయాక ఎవరూ వాడలేదట.

పెద్దకొడుకు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేశాడు. ఇంగ్లండులోనూ పైపులు ఇల్లంతా తిరుగుతాయి కదా, అక్కడ లేని నష్టం ఇక్కడెందుకు? అక్కడ చలికాలంలో పైపు వదిలిన వేడి ఇంటి లోపలే ఉండి గదిని వెచ్చబెడుతుంది. అది కావలసిన వేడే, కాబట్టి చాలావరకు వృథా కాదు. ఇక్కడ సగం పైపు డాబా మీద, షాఫ్ట్‌లో (పైపులు దిగే సందులో) బయటి గాలికి ఉంది. మిగతాది గోడలో ఉంది. మనకు గది వెచ్చబడాల్సిన పని లేదు, మార్చి దాటితే అదే వేడి ఏసీకి అదనపు భారం.

ఇంకో మాట కూడా అన్నాడు: మాటిమాటికి ఆపి మళ్ళీ వేడి చేస్తే ఇంకా ఎక్కువ కాలుతుంది, నిలకడగా ఉంచడమే మేలు. ఇక్కడ గీజర్ విషయంలోనూ చాలామంది ఇదే నమ్ముతారు. పోయే వేడి రెండింటి మీద ఆధారపడుతుంది: నీళ్ళకూ బయటి గాలికీ ఉన్న తేడా, ఆ తేడా ఎన్ని గంటలు ఉందన్నది. ఆపితే నీళ్ళు చల్లబడి తేడా తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది. మళ్ళీ వేడి చేయడానికి పట్టేది, ఆ మధ్యలో పోయిన వేడి మాత్రమే. అది ఎప్పుడూ నిలకడగా ఉంచినప్పుడు పోయేదానికన్నా తక్కువే. కాయిల్‌కు పొద్దున్నొక రేటు రాత్రొక రేటు లేని మన ఇళ్ళ మీటర్లలో దీనికి మినహాయింపు లేదు.

టైమర్ ఎందుకు ఓడిపోయింది

పంపు ఆపితే చాలు అని తేలింది. కానీ పంపు ఆపితే గోరువెచ్చని నీళ్ళు వస్తున్నాయి. ఇది తేల్చకుండా టైమర్ మళ్ళీ పెడితే వారంలో మళ్ళీ తీసేస్తారు, అది ఖాయం.

పంపు ఆపి, కింద అమ్మ బాత్రూములో నల్లా తిప్పమని చెప్పి, నేను డాబా మీద రిటర్న్ పైపు పట్టుకుని నిలబడ్డాను. నల్లా తిప్పిన కాసేపటికే వేడిగా ఉన్న పైపు చేతిలోనే చల్లబడుతూ వచ్చింది. నీళ్ళు వెనక్కి నడుస్తున్నాయి. రిటర్న్ లైన్ ట్యాంకు అడుగున, చన్నీళ్ళు వచ్చే చోట కలుస్తుంది. పంపు ఆగినప్పుడు నల్లా తిప్పితే పై నుంచి వేడినీళ్ళు ఒక దారిలో, అడుగు నుంచి చన్నీళ్ళు రిటర్న్ దారిలో, రెండూ వచ్చి కలుస్తున్నాయి. రిటర్న్ మీద నాన్ రిటర్న్ వాల్వ్, అంటే నీళ్ళను ఒకే వైపు పోనిచ్చే వాల్వ్, లేదు. పంపు తిరుగుతున్నంతకాలం ఈ లోపం బయటపడలేదు. ఆపగానే బయటపడింది, తప్పు టైమర్ మీద పడింది.

ఏం చేశాం, ఎందుకు

మొదట నాన్ రిటర్న్ వాల్వ్. స్ప్రింగ్ ఉన్న ఇత్తడిది, వేడినీళ్ళకు తట్టుకునేది. కొన్ని వందల రూపాయల సామాను. ఒక పూట పని. మిగతావేవీ చేయకముందు రెండు రోజులు ఆ ఒక్క వాల్వ్‌తోనే, పంపు ఆపి వాడమన్నాను. ఆలస్యంగా వచ్చినా వేడినీళ్ళే రావాలి. అలాగే వచ్చాయి. పంపు లేకపోతే సిస్టమ్ నడవదన్న నమ్మకం పోవడానికి ఆ రెండు రోజులు అవసరమయ్యాయి. ఇంట్లోవాళ్ళు నమ్మని ఏర్పాటు ఎక్కువ రోజులు నిలవదు.

ఇప్పుడు మిగిలింది ఆ ఆలస్యం. అంగుళం సీపీవీసీ పైపు మీటరుకు నాలుగు వందల మిల్లీలీటర్లకు పైగా నీళ్ళు పట్టుకుంటుంది. ముప్పై మీటర్ల లైన్‌లో పదమూడు లీటర్ల చల్లారిన నీళ్ళు. నల్లా తిప్పి అవన్నీ వదిలేస్తే వేడీ పోతుంది, నీళ్ళూ పోతాయి. అందుకే పంపును తీసేయలేదు. మెట్ల లైటుకు పెట్టే టైమర్ స్విచ్ లాంటిది పై రెండు అంతస్తుల్లో బాత్రూము బయట పెట్టించాను. నొక్కితే పంపు మూడు నిమిషాలు తిరిగి ఆగుతుంది. ఈ పంపు నిమిషానికి ఆరు లీటర్ల చొప్పున తిప్పుతోంది, రెండు నిమిషాలు దాటగానే వేడినీళ్ళు చివరి దాకా చేరతాయి. కొద్దిగా మార్జిన్ కలిపి మూడు.

పై అంతస్తుల్లో ఇది బాగా పనిచేసింది. కింద మాత్రం నడవలేదు. అమ్మ ఆ బటన్ నొక్కదు. నొక్కినా మూడు నిమిషాలు ఆగదు, బకెట్ పెట్టి నల్లా తిప్పేస్తుంది. డెబ్బై దాటిన మనిషి అలవాటు మార్చాలని పట్టుబట్టడం సరికాదనిపించింది. ట్యాంకు నుంచి అందరికన్నా దూరం కూడా ఆమె బాత్రూమే. అక్కడ మళ్ళీ ఒక పది లీటర్ల గీజర్ పెట్టించాం. పది లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి 0.4 యూనిట్. రెండు కిలోవాట్ల గీజర్ పన్నెండు నిమిషాల్లో ఆ పని చేస్తుంది. చన్నీళ్ళు కలుపుకుంటే ఒక చిన్న బకెట్ స్నానం. ఇద్దరికీ కలిపి రోజుకు యూనిట్ లోపే. సోలార్ ఉండగా గీజర్ ఎందుకని పెద్దకొడుకు మొదట ఒప్పుకోలేదు. ఇద్దరి స్నానాల కోసం యాభై మీటర్ల లైన్ వేడెక్కించడం కన్నా ఇదే చవక అని కాగితం మీద చూపించాక ఒప్పుకున్నాడు.

ఇన్సులేషన్ విషయంలో ఆలోచించాల్సి వచ్చింది. గోడలో ఉన్న పైపులకు వేయాలంటే టైల్స్ పగలగొట్టాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. పంపు రోజుకు కొద్ది నిమిషాలే తిరిగితే ఆ పైపుల్లో పోయేది, ఒక్కోసారి వాటిలో నిలిచిపోయిన నీళ్ళ వేడి మాత్రమే, అంటే నిండా అర యూనిట్ చుట్టుపక్కల. దానికి గోడలు పగలగొట్టడం దండగ. డాబా మీదా షాఫ్ట్‌లోనూ బయటకు కనిపిస్తున్న పైపులకు మాత్రం 13 మిల్లీమీటర్ల నల్ల నైట్రైల్ ఫోమ్ తొడిగించాను. జాయింట్లకు గమ్, పైన అల్యూమినియం చుట్టు. ఆ చుట్టు లేకపోతే మన ఎండకు ఫోమ్ త్వరలోనే పొడిపొడిగా రాలిపోతుంది. డాబాల మీద అలా రాలిపోయినవి చాలా చూశాను.

చివరిది కాయిల్. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచకుండా తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదున్నర వరకే టైమర్‌లో పెట్టాం. అదీ ముందురోజు మబ్బు ఉంటేనే, చేత్తో స్విచ్ వేసుకోవాలి. రాత్రి కాకుండా పొద్దునే ఎందుకంటే, స్నానానికి ముందే వేడెక్కితే ట్యాంకులో నిలవ ఉండి చల్లారే సమయం తక్కువ. స్నానాలయ్యాక ట్యాంకులోకి చన్నీళ్ళు దిగుతాయి, ఎండ వచ్చేసరికి సోలార్‌కు పని దొరుకుతుంది. స్నానాలయ్యాక కూడా కాయిల్ ఆన్‌లోనే ఉంటే ఆ చన్నీళ్ళను అదే వేడి చేసేస్తుంది, ఎండ వచ్చినా సోలార్‌కు చేయాల్సింది మిగలదు. ఇరవై నాలుగు గంటల పంపు వల్ల జరిగిన ఇంకో నష్టం కూడా ఇలాంటిదే. ట్యాంకులో వేడినీళ్ళు పైన, చన్నీళ్ళు అడుగున పొరలుగా ఉండాలి. అడుగు చన్నీళ్ళు గొట్టాల్లోకి దిగితేనే సోలార్ బాగా పనిచేస్తుంది. పంపు ఆ పొరలన్నీ కలిపేస్తూ వచ్చింది.

థర్మోస్టాట్‌ను 45కు తగ్గిస్తే ఇంకా కలిసొస్తుందని చిన్నకొడుకు అడిగాడు. నేను వద్దన్నాను. నిలవ ఉన్న నీళ్ళు 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, పెద్దవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. నిలవ నీళ్ళు 60 డిగ్రీల దగ్గర ఉంచాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఎండ రోజుల్లో సోలారే ఆ పని చేస్తుంది. మబ్బు పట్టి నాలుగైదు రోజులు ఉంటే వారంలో ఒకసారి కాయిల్‌తో 60 దాకా తీసుకెళ్ళమని చెప్పాను.

ఫలితం

తర్వాతి జనవరికి 480 యూనిట్లు వచ్చాయి. కరెంటు చార్జీ 3,450 రూపాయల దగ్గర. గీజర్ల కాలం కన్నా కూడా తక్కువ. తగ్గిన యూనిట్లన్నీ 9.50, 10 రూపాయల శ్లాబులవే కాబట్టి డబ్బు అంత కనిపించింది. మొత్తం పనికి అయిన ఖర్చులో ఎక్కువ వాటా ఫోమ్‌దీ, కొత్త గీజర్‌దీ.

ఈలోగా వాళ్ళు కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద, ఎండతో కరెంటు ఇచ్చే మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాలని అనుకున్నారు. అప్పటికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, మంచి పథకమే. ముందు ఈ పని అయ్యాక పెట్టమన్నాను. మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు సగటున రోజుకు పన్నెండు యూనిట్లు ఇస్తాయి. అప్పట్లో ఈ లైన్ ఒక్కటే రోజుకు ఇరవై యూనిట్లు గాలికి వదిలేది. ప్యానెళ్ళు ముందే వచ్చి ఉంటే బిల్లు కాస్త తగ్గేది, అసలు కారణం ఎవరూ వెతికేవాళ్ళు కాదు.

వేసవికి వేరే ఏర్పాటు చేసుకున్నారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడ టంకీ నీళ్ళే చేతికి చురుక్కుమంటాయి. వేడినీళ్ళ వాల్వ్ కట్టేసి, గొట్టాల మీద గోనెపట్టా కప్పుతున్నారు. లేకపోతే వాడకం లేక ట్యాంకులో నీళ్ళు మరిగిపోతాయి.

ఈ కేసు తర్వాత

కరీంనగర్, జగిత్యాల వైపు కూడా ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు చాలా వస్తున్నాయి. గల్ఫ్ నుంచీ అమెరికా నుంచీ డబ్బు పంపి కట్టించుకునే ఇళ్ళలో సెంట్రల్ హాట్ వాటర్ అడుగుతున్నారు. ఫిర్యాదు ఏదైనా నేను ముందు రాత్రి మీటరు పరీక్ష చేస్తాను. దానికి పరికరం అక్కర్లేదు, ఇంటివాళ్ళే చేసుకోవచ్చు. ఎవరూ వాడని గంటలో మీటరు ఎంత కదిలిందో తెలియకుండా ఏ సామానూ మార్చకూడదు.

ఇల్లు కొత్తగా కడుతున్నవాళ్ళకైతే ఇంకా సులువు. బాత్రూములన్నీ ఒకే షాఫ్ట్ చుట్టూ ఒకదాని కింద ఒకటి వచ్చేలా ప్లాన్ గీయించుకోండి. ప్లంబర్ ప్రెషర్ కోసమని అంగుళం పైపు వేస్తానంటే, ప్రతి బాత్రూముకూ వెళ్ళే కొమ్మ లైన్‌కు అరంగుళం చాలని చెప్పండి. అరంగుళం సీపీవీసీ పైపులో మీటరుకు నిలిచేది 120 మిల్లీలీటర్లే, అంగుళం పైపులో దానికి మూడున్నర రెట్లు. గోడ మూసేముందే వేడినీళ్ళ పైపుకు ఫోమ్ తొడిగించండి, అప్పుడు దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. పెద్దవాళ్ళు ఉండే గదిని ట్యాంకుకు దగ్గరి షాఫ్ట్ వైపు పెట్టించుకోగలిగితే వాళ్ళకు విడిగా గీజర్ కూడా అక్కర్లేదు.